వెనక అట్ట లేని నవల

పుస్తకాలు నెలకొకటి వచ్చి చెప్పుల స్టాండు మీద పడి ఉండేవి. పైన ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ తీయలేదు. కొన్నాళ్ళు చూసి, ఒకరోజు కోడలిని అడిగాను.

"ఏందమ్మా ఇవి? ఎవరు పంపుతున్నరు?"

"మన క్లబ్ హౌస్‌లో ఆడవాళ్ళ పుస్తకాల గ్రూపుంది కదా అత్తయ్యా. ఏడాదికి ఒకేసారి చందా కట్టేశాం. వాళ్ళు పంపుతూనే ఉంటారు."

"వద్దంటే పైసలు వాపస్ ఇస్తరా?"

"ఇవ్వరు."

"మరి నువ్వు పోతలేవు."

"వెళ్ళబుద్ధి కావట్లేదు," అని ఆమె మళ్ళీ లాప్‌టాప్ వైపు తిరిగింది.

ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్య ఇంతకన్నా పెద్ద మాటలు లేవు.

నా కొడుకు అంతకు ముందు చలికాలంలో పోయాడు. హైటెక్ సిటీలో ఆఫీసులో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. ఛాతీలో మంటగా ఉందని మంచినీళ్ళు అడిగాడట. దవాఖానకు చేర్చేసరికే అయిపోయింది. నలభై కూడా నిండలేదు. తర్వాత ఆఫీసువాళ్ళు ఒక అట్టపెట్టె పంపారు. అందులో ఒక కాఫీ కప్పు, ఒక జత చెప్పులు, మెడలో వేసుకునే కార్డు, దాని నీలం పట్టీ ఉన్నాయి. కార్డు కోడలు లోపల పెట్టుకుంది. కప్పుతో నేను పప్పు కొలుస్తున్నాను. పట్టీ గట్టిగా ఉంది, వంటింట్లో కత్తెర వేలాడదీయడానికి పనికొచ్చింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆ కత్తెరను చూసి, తర్వాత నన్ను చూసేవాళ్ళు. గట్టి పట్టీని ఎందుకు పారేయాలో నాకు అర్థం కాలేదు.

నాకు ఏడుపు రాలేదు. చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు. ఒళ్ళంతా అట్లా ఉండేది. పనులు మాత్రం ఆగలేదు. బియ్యం కడిగాను, బట్టలు ఆరేశాను, పాలవాడితో గొడవపడ్డాను.

మేముండే ఫ్లాటు నార్సింగిలో ఔటర్ రింగు రోడ్డు పక్కన, చాలా పై అంతస్తులో. కిరాయిది. మూడు పడక గదులు. కొడుక్కీ కోడలికీ పిల్లలు లేరు. ఎండాకాలం ఆఖరుకు అగ్రిమెంటు అయిపోతుంది. ఉంటారో ఖాళీ చేస్తారో చెప్పమని ఓనరు ఫోన్లు మొదలుపెట్టాడు. చందానగర్‌లో ఉండే నా బిడ్డకు ఆ సంగతి తెలిసింది. ఆమె నా కొడుకు కంటే పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి. నన్ను వచ్చేయమని ఫోనులో రోజూ ఒకటే పోరు.

"అమ్మా, తమ్ముడే లేనప్పుడు ఆడ నీకేం పని? ఆమె ఇగ నీకేమైతది చెప్పు?"

"కోడలైతది."

"ఎవరి పెండ్లామని కోడలు? రేపు ఇంకెవర్నన్న చేసుకుంటే ఆ ఇంట్ల నువ్వెవరివి?"

ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చూడాలని చెప్పి ఫోను పెట్టేశాను.

కోడలిది గుంటూరు వైపు. మాది శంకర్‌పల్లి దిక్కున ఒక పల్లె. వాళ్ళిద్దరూ ఆఫీసులోనే చూసుకుని పెళ్ళి చేసుకున్నారు. ఆమె మంచిదే. కానీ కొడుకు ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం అతని ద్వారానే మాట్లాడుకున్నాం. అత్తయ్యకు మందులు అయిపోయాయేమో చూడమని ఆమె అతనికి చెప్పేది. పచ్చడి ఆఫీసుకు పెట్టుకుపొమ్మని నేను అతనికి చెప్పేదాన్ని. ఇప్పుడు ఆమె నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. నేనూ ఉంటాననలేదు, పోతాననలేదు. ఎండలు ముదురుతున్నాయి.

చందా కట్టిన పుస్తకం చదవకుండా మూలన పెట్టడం అన్నం వండి పారబోయడం లాంటిదే. అందుకని కవరు చింపి నేనే మొదలుపెట్టాను. నేను నాలుగో తరగతి దాకా చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పెదవులు కదుపుతూ చదువుతాను. పడుకుని చదివితే లావు పుస్తకం మణికట్టును లాగేస్తుంది. కూరగాయలు తరిగే చెక్క మీద పెట్టి, బ్లేడుతో వెన్ను కోసి నాలుగు భాగాలు చేశాను. దబ్బనంతో చిల్లులు పొడిచి దారంతో కుట్టాను. పాత క్యాలెండరు కాగితాలు అట్టలుగా వేశాను.

కోడలు మంచినీళ్ళ కోసం వచ్చి చూసి అక్కడే నిలబడిపోయింది.

"అయ్యో అత్తయ్యా! కొత్త పుస్తకం!"

"కొత్తదైతే ఏంది? దేవుని పటమా కోయొద్దనేటందుకు?"

మా కాలంలో అందరం అదే పని చేసేవాళ్ళం. మా ఊరి పంతులమ్మ వారపత్రికలు తెప్పించుకునేది. చదివేశాక నాకిచ్చేది. వాటిలో సీరియల్ పేజీలు మాత్రం చింపి, వారం వారం దాచి, కథ అయిపోయాక కుట్టుకునేదాన్ని. ఒక భాగం మా ఇంట్లో ఉంటే ఇంకో భాగం పక్కింట్లో ఉండేది. ముందుది తిరిగిస్తేనే తర్వాతది చేతికొచ్చేది. పుస్తకం అంటే ఒకరి దగ్గరే ఉండేదని నేనెప్పుడూ అనుకోలేదు.

కోడలు మొదటి భాగాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"ఇది నా హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. క్యాబ్‌లో చదువుతా," అంది.

అట్లా మొదలైంది. ఆమె ఆఫీసుకు పోతూ వస్తూ చదివిన భాగాన్ని ఫ్రిజ్ మీద పెట్టేది. నేను అక్కడి నుంచి తీసుకునేదాన్ని. ఎట్లా ఉందని ఆమె నన్ను అడగలేదు, నేనూ ఆమెను అడగలేదు. ఆపిన చోట ఆమె పేజీ మూల మడిచేది. ఒకసారి పేజీల మీద సమోసా జిడ్డు కనిపించింది, తర్వాత ఇంకో చోట కూడా. మధ్యాహ్నం డబ్బా తినకుండా ఏవో తింటోందని అర్థమైంది. మర్నాటి నుంచి పెరుగన్నం మానేసి పులిహోర పెట్టాను. జిడ్డు మరకలు ఆగిపోయాయి.

నెలాఖరు శనివారం సాయంత్రం కోడలి బదులు నేను క్లబ్ హౌస్‌కు దిగాను. పక్క టవరులో ఉండే రిటైరైన లెక్చరరమ్మ ఆ గ్రూపును నడుపుతుంది. వాళ్ళదీ కోస్తా వైపే. ఇప్పటి రచయిత్రులు ఆడవాళ్ళ బతుకుల మీద రాసిన కొత్త పుస్తకాలే చదవాలని ఆమె పెట్టిన పద్ధతి. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. వాకింగు బూట్లతో వచ్చే ఒకావిడ ఏ నెలా పుస్తకం చదవదు. అందరికంటే ఎక్కువ మాట్లాడేది కూడా ఆమే.

"పెద్దమ్మగారూ, మీ అభిప్రాయం చెప్పండి. మొహమాటపడకండి," అంది లెక్చరరమ్మ.

"మొహమాటం ఏం లేదమ్మా. కానీ మాకొచ్చిన పుస్తకంల ఆఖరు కత పేజీలు ఊడిపోయినయ్. ఆ పిల్ల ఒక్కతే గోవా పోయింది, హోటల్ల కూసుంది, ఫోను మోగింది. ఎత్తిందా లేదా? ఎవరిదా ఫోను?"

అందరూ నవ్వారు. లెక్చరరమ్మ కూడా నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"ఊడిపోలేదండీ. కథ అక్కడితో అయిపోయింది."

"గట్లెట్ల అయిపోతది?"

"ఇప్పటి కథలు అంతేనండి. మిగతాది చదివేవాళ్ళే ఊహించుకోవాలి."

"అంటే సగం పని మనతోని చేయించి, ధర మాత్రం పూర్తిగ తీసుకుంటరన్నట్టు."

మళ్ళీ నవ్వారు. ఆ తర్వాతి నెల నుంచి ఒక పేజీ రాసుకుని రమ్మని లెక్చరరమ్మ చెప్పింది. నేను రాసింది ఆమె ఫోనులో ఎక్కించి గ్రూపులో పెట్టేది. ఒక నవల గురించి ఇట్లా రాసినట్టు గుర్తు: ఇందులో ఆడవాళ్ళు మూడు పూటలా కాఫీ తాగారు, చాలా సంగతులు మాట్లాడుకున్నారు, కప్పులు ఎవరు కడిగారో రాయలేదు, నాకు అదే పట్టుకుంది. ఇంకో పుస్తకం బాల్కనీలో కూర్చున్న ఒక ఇల్లాలిది. మొదటి నుంచి చివరి దాకా ఆమె లేవదు. దానికి మిగతావాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. టిష్యూల డబ్బా ఒకరి చేతిలోంచి ఒకరికి పోయింది. నా దగ్గరికి వచ్చినప్పుడు పక్కావిడకు అందించాను. ఆ కథ మంచిదని నాకూ తెలిసింది. తెలియడం వరకే.

ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. కథ ఎక్కడ ఆగితే అక్కడ ఆగనివ్వాలి, పేజీలు పోయాయని అల్లరి చేయకూడదు.

ఎండాకాలం మధ్యలో మనవడికి ఆటలమ్మ పోసిందని కొన్ని రోజులు చందానగర్ పోయాను. నా బిడ్డ ఇల్లు రోడ్డు మీదికే. బజారు చప్పుడు, బస్సుల హారన్లు, పిల్లల అరుపులు. నా కోసం హాల్లో ఒక మంచం వేసి, చూడు ఎంత మంచిగుందో అంది. మంచిగానే ఉంది. వేపాకులు దూయడం, పిల్లవాడికి చల్ల కలపడం, పెద్దదాని జడ వేయడం, చేతులకు ఖాళీ లేదు. నెలాఖరు ఆదివారం తానే వచ్చి తీసుకుపోతానని, అప్పటికి బట్టలు సర్దుకుని ఉండమని చెప్పి నన్ను పంపింది. సరేనన్నాను. కాదనడానికి కారణం కనబడలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి ఆ నెల పుస్తకం వచ్చి ఉంది. మొదటి రెండు భాగాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. కోడలే కోసి కుట్టింది. క్యాలెండరు కాగితం వేసింది. కుట్లు గోనెసంచికి వేసినట్టు ఉన్నాయిగానీ గట్టిగానే ఉన్నాయి. తర్వాత మూడో భాగం వచ్చింది. ఆపైన ఇంకోటి రాలేదు, ఈసారి మూడే చేసిందనుకున్నాను. ముందు అట్ట మొదటి భాగానికి ఉంది. వెనక అట్ట మూడోదానికి లేదు.

"వెనక అట్టేది?" అని అడిగాను.

"చిరిగిపోయింది అత్తయ్యా."

"గట్టి అట్ట. ఎట్ల చిరుగుతది?"

"కోస్తుంటే చిరిగింది. పారేశాను."

"పారేసినవా! నూనె డబ్బ కిందన్న ఏసుకుందుము గద."

ఆమె తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, "సారీ అత్తయ్యా," అని వెళ్ళిపోయింది. నాకు అట్ట పోయిన కోపమే తప్ప వేరే అనుమానం రాలేదు.

ఆ నవలలో ఒకామె బ్యాంకులో పని చేస్తుంది. మొగుడు పోయాడు. ఇంట్లో ఆమె, ఆమె అత్త. చదవడం మొదలుపెట్టిన రోజే అది మా ఇంటి కథని తెలిసిపోయింది. ఆపేద్దామనుకున్నాను. చందా గుర్తొచ్చి ఆపలేదు. ఆ అత్తాకోడళ్ళు దెబ్బలాడుకోరు. ప్రేమగా కూడా ఉండరు. ఒకామె వండుతుంది, ఒకామె బిల్లులు కడుతుంది. మూడో భాగం చివర కోడలు బ్యాంకు నుంచి వచ్చేసరికి అత్త ఆరిన దుప్పటిని ఒక్కతే మడత పెట్టలేక అవస్థ పడుతుంటుంది. కోడలు బ్యాగు కింద పెట్టి రెండో కొస పట్టుకుంటుంది. ఇద్దరూ దుప్పటిని లాగి, మడిచి, దగ్గరికి వచ్చి కొసలు కలుపుతారు. మళ్ళీ వెనక్కి పోయి, మళ్ళీ దగ్గరికి వస్తారు. దుప్పటి చిన్నదవుతుంది. అక్కడితో పేజీ అయిపోయింది.

ఆ పేజీ దగ్గర నా మనసు కదిలిందని రాయొచ్చు. కదలలేదు. కానీ ఆ మధ్యాహ్నం బాల్కనీలోంచి మా దుప్పటి తెచ్చి, ఒక కొసను గడ్డం కింద నొక్కిపట్టి మడత పెడుతూ, ఆ రాసినామెకు ఈ పని తెలుసనుకున్నాను. ముగింపు బాగా పెట్టింది, ఇప్పటి కథలు ఇట్లా ఆగడమే మేలనిపించింది. ఆ నెల పేజీ ఎప్పటికన్నా పొడుగ్గా రాశాను.

శనివారం సాయంత్రం నా వంతు వచ్చింది. కళ్ళద్దాలు సరిచేసుకుని చదివాను. ఇందులో ఎవరూ ఎవరినీ ఉద్ధరించలేదు, ఇద్దరూ ఉన్నారు, దుప్పటి మడిచారు, నవల అయిపోయింది, మొగుడు పోయిన ఇంట్లో ఉండేది ఇంతే, రాసినామె దీన్ని పెంచకుండా ఆపినందుకు మెచ్చుకోవాలి అని ముగించాను.

వాకింగు బూట్ల ఆవిడ కూడా నోరెత్తలేదు. లెక్చరరమ్మ తన దగ్గరున్న పుస్తకం తెరిచింది.

"పెద్దమ్మగారూ... దుప్పటి తర్వాత ఇంకా ఉంది కదండీ."

"ఏముంది?"

"ఆవిడ వైజాగ్ బదిలీ చేయించుకుంటుంది కదా. అక్కడ కొలీగ్ ఒకతను... అత్తగారినేమో ఆడపడుచు వచ్చి కారులో..."

అక్కడ ఆమె ఆగిపోయింది. మా ఇంటి సంగతి అక్కడ అందరికీ తెలుసు. పుస్తకం నా చేతికిచ్చింది. దుప్పటి పేజీ తర్వాత మిగిలిన మందాన్ని బొటనవేలితో పట్టి చూశాను. సరిగ్గా ఒక భాగమంత ఉంది. వెనక అట్ట మీద సముద్రం బొమ్మ.

"మాదాంట్ల ఊడిపోయినట్టున్నది," అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. లెక్చరరమ్మ నా కాగితం తీసుకుని, "మీరు రాసింది కూడా బాగుందండి, ఇది ఇలాగే పెడతాను," అంది. వద్దని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

లిఫ్టులో పైకి పోతుంటే ఒకటే తోచింది. నాలుగో భాగం ఇంట్లోనే ఉంది. కోడలు చదివింది, దాచింది. అందులో ఉన్నదే ఆమె చేయబోయేది, అది నాకు చెప్పలేక దాచింది. ఇది తోచినప్పుడు కూడా బాధ కలగలేదు. కూరలోకి కొత్తిమీర తెచ్చానా లేదా అని ఆలోచించినట్టే ఆలోచించాను.

కోడలు సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటోంది.

"నాలుగోది ఇయ్యి," అన్నాను.

ఏది అని అడగలేదు. లేచిపోయి హ్యాండ్‌బ్యాగు తెరిచి తెచ్చి ఇచ్చింది. వెనక అట్ట ఎక్కడా చిరగలేదు.

"పారేసిన అన్నవు."

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"మీరు చదివితే నేనే చెప్పిస్తున్నానని అనుకుంటారు. నోటితో అనలేక పుస్తకం ముందు పెట్టినట్టుంటుంది. అందుకని."

"నీ మనసుల గట్ల లేదా మరి?"

ఆమె సోఫా చేతి మీద కూర్చుంది. కుర్తా అంచును వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"నాకేం తెలియట్లేదు అత్తయ్యా. ఉండండి అందామంటే, మీకు కూతురి దగ్గరికి వెళ్ళాలనుందేమో, నా మొహం చూసి ఆగిపోతారేమోనని. వెళ్ళండి అంటే తరిమేసినట్టు. ఓనరు ఫోన్ చేస్తే కట్ చేస్తున్నా."

"రేపు మా బిడ్డ వస్తది."

"తెలుసు. వదిన నాకూ మెసేజ్ పెట్టారు."

"మరి?"

"మీ ఇష్టం అండీ," అంది. క్లబ్ హౌస్‌లో వాళ్ళతో మాట్లాడినట్టు అంది.

"చదివినంక చెప్తా," అని నేను పప్పు నానబెట్టడానికి లేచాను.

ఆదివారం పొద్దున స్నానం చేసి, బాల్కనీలో కుర్చీ వేసుకుని నాలుగో భాగం మొదలుపెట్టాను. కింద కొత్త టవర్ల క్రేన్లు ఆదివారం కూడా తిరుగుతున్నాయి. నా చదువు నెమ్మది కదా, ఎండ కాళ్ళ మీదికి వచ్చినా అవలేదు. నవలలో ఆడపడుచు కారు తెస్తుంది. అత్త సంచి పట్టుకుని ఎక్కుతుంది. కోడలు కిటికీ లోంచి చూస్తుంది. తర్వాతి పేజీలో సముద్రం వచ్చింది. ఇంకెక్కడో అత్త ఉంటుందేమోనని చూస్తూ పోయాను.

ఈలోగా నా బిడ్డ వచ్చింది. వస్తూనే నా గదిలోకి తొంగి చూసింది.

"ఏందమ్మా, ఇంకా సదురుకోలేదా? పొద్దుగాల నుంచి ఏం చేస్తున్నవ్?"

"చదువుతున్న."

"ఈ వయసుల పరీక్ష రాస్తవా ఏంది?"

"జర ఆగు. కొన్ని పేజీలే ఉన్నయ్."

"మీ అత్తకు ఏం అలవాటు చేసినవమ్మా," అని కోడలిని అంటూ నా బిడ్డ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. కోడలు నవ్వలేదు. ఆమెకు టీ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆఖరు పేజీ అయింది. పుస్తకం మూసి లోపలికి వచ్చాను.

"ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగింది కోడలు.

అన్ని నెలల్లో ఆ మాట అడగడం అదే మొదటిసారి. నేను క్లబ్ హౌస్‌లో నిలబడ్డట్టే నిలబడి చెప్పాను.

"రాయడం మంచిగనే రాసింది. సముద్రం గురించి మస్తు రాసింది. ఒడ్డున జుట్టు విరబోసుకున్నదట, చిక్కు ఎవరు తీసిండ్రో రాయలే. అది ఇడిచిపెడదాం. పిల్ల తన బతుకు తాను చూసుకున్నది, తప్పు లేదు. కానీ అత్త కారెక్కినంక ఇగ ఆమె ముచ్చటే లేదు. పోతవా ఉంటవా అని ఆమెను ఎవరూ అడగలే. కోడలు అడగలే, బిడ్డ అడగలే, రాసినామె కూడా అడగలే. సంచి లెక్క కార్ల పెట్టిండ్రు."

"ఏ అత్త? ఎవర్ని కార్ల పెట్టిండ్రు?" అంది నా బిడ్డ.

"కతల అత్త."

"ఇప్పుడు కతలెందుకే అమ్మా, ట్రాఫిక్ అయితది, లే."

కోడలు గుమ్మంలోంచి కదల్లేదు. అక్కడి నుంచే అడిగింది.

"అడిగితే ఏం చెప్పేది?"

నేను ఇల్లంతా ఒకసారి చూశాను. హాలు, మూడు గదులు, అందులో ఒకటి ఎప్పుడూ తలుపు వేసే ఉంటుంది, లోపల ఏసీ మాత్రం బిగించి ఉంది.

"గింత ఇల్లెందుకు అని చెప్పేది. ఇన్ని గదులు ఊడ్చుడు, తుడుచుడు, ఇంత కిరాయి. అవతల పాత ఊళ్ళె రెండు గదులది దొరుకుతది గద, చూడమని చెప్పేది. ఇద్దరికి చాలు."

నా బిడ్డ కప్పు కింద పెట్టింది.

"అమ్మా, నువ్వు కత చెప్తున్నవా, నిజం చెప్తున్నవా?"

"అగ్రిమెంటు సంగతి చెప్తున్న."

కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. నల్లా విప్పిన చప్పుడు వచ్చింది. గిన్నెల చప్పుడు మాత్రం రాలేదు. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"నల్లా కట్టెయ్, నీళ్ళు పోతున్నయ్," అన్నాను. కట్టేసింది.

నా బిడ్డకు కోపం వచ్చింది, రావాల్సిందే. "నేను పరాయిదాన్నైన్నా? మంచం ఏసి పెట్టిన, పిల్లలు ఎదురుచూస్తున్నరు," అంది. పిల్లలకు దసరా సెలవుల్లో వచ్చి ఉంటానని, మంచం తీయొద్దని చెప్పాను. "రేపు ఆమె ఎవర్నన్న చేసుకుంటే?" అని మెల్లగా అడిగింది, వంటింటి వైపు చూస్తూ. "అప్పుడు అడుగుతది. నేను చెప్త," అన్నాను. మామిడికాయ తొక్కు సీసా, మునక్కాయలు సంచిలో పెట్టి ఇచ్చాను. మూతి ముడుచుకునే తీసుకుంది. లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు, సీసా మూత గట్టిగా పెట్టినవా అని అడిగింది. పెట్టానన్నాను.

పాత నార్సింగిలో ఒక మేడ మీద రెండు గదుల ఇల్లు దొరికింది. సామాను చాలా అమ్మేశాం. ఆ తలుపు వేసిన గదిలోని నా కొడుకు బట్టలు ఇద్దరం కలిసి మూటలు కట్టాం. అప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని చూశాను, నాకు రాలేదు. ఆమెకు వచ్చింది. నేను పక్కన కూర్చుని ముడి వేస్తూ ఉన్నాను. కొత్త వంటింట్లో మేకు కొట్టి కత్తెరను ఆ నీలం పట్టీతోనే వేలాడదీశాను.

టవరు ఖాళీ చేసినా చందా ఏడాదిది కాబట్టి పుస్తకాలు ఈ అడ్రసుకే వస్తున్నాయి. ఆటోలో పోయి శనివారం కూర్చుని వస్తున్నాను. మొన్నటిది లావుగా ఉంది. కోడలు దాన్ని కూరగాయల చెక్క మీద పెట్టి, చేతిలో బ్లేడు పట్టుకుని పిలిచింది.

"అత్తయ్యా, నాలుగు చేయనా, ఐదా?"

"ఎన్నన్న చెయ్యి," అన్నాను పొయ్యి దగ్గర నుంచి. "వెనక అట్ట మాత్రం నాకు కనబడాలె."